ఇంట్లో కష్టంగా ఉన్నప్పుడు పెరట్లో పిట్టలతో రోజూ ఒక అరగంట: ఎలా మొదలుపెట్టాలి

చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాస్తున్నాను. ఇంట్లో ఎవరో పోయారు, లేదా ఉద్యోగం పోయింది, లేదా అమ్మకో నాన్నకో పెద్ద జబ్బు చేసింది, అందరం ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోన్‌లో వాళ్లు, పిట్టల వల్ల మనసు కుదుటపడుతుందంటారు కదా, అది నిజమేనా, నిజమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నిజమే. పిట్టలు అప్పు తీర్చవు, పోయినవాళ్లను తీసుకురావు. కానీ రోజూ ఒకే వేళకు ఇంట్లోవాళ్లను ఒక చోటికి రప్పిస్తాయి, అందరికీ కలిపి చూడటానికి ఏదో ఒకటి ఇస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టి "ఎలా ఉన్నావురా" అంటే నోరు విప్పని పిల్లవాడు, పక్కన కూర్చుని ఉడతను చూస్తున్నప్పుడు తనంతట తానే మాట మొదలుపెడతాడు. నేను నమ్మేది ఆ పక్కపక్కన కూర్చోవడాన్నే. కింద రాసిందంతా దానికోసమే. 2022లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు చేసిన అధ్యయనంలో పిట్టలను చూసినా, వాటి కూత విన్నా మనసు తేలికపడుతుందని, ఆ తేలిక కొన్ని గంటలపాటు నిలుస్తుందని, డిప్రెషన్ ఉన్నవాళ్లలో కూడా అది కనిపించిందని తేలింది. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే మట్టి మూకుడు ఒకటి. లేకపోతే పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం.
- మూకుట్లో వేయడానికి రెండు మూడు గరుకు రాళ్లు.
- నూకలు, కొర్రలు లేదా సజ్జలు ఒక చిన్న డబ్బా. కిలోల కొద్దీ కొనకండి.
- గిన్నె రుద్దడానికి విడిగా కొంచెం కొబ్బరి పీచు. వంటింటి స్క్రబ్బర్ వాడొద్దు.
- ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కుర్చీలు, లేదా ఒక చాప.
- పాత నోట్‌బుక్, పెన్ను.

బైనాక్యులర్స్ అక్కర్లేదు. ఫ్యాన్సీ ఫీడర్లూ అక్కర్లేదు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న సమయంలో ఇందుకోసం కొత్తగా ఖర్చు పెట్టకండి, పైవన్నీ దాదాపు ఇంట్లోనే దొరుకుతాయి.

1. చోటు చూసుకోండి

మీరు కూర్చునే చోటు ముందు, గిన్నె పెట్టే చోటు తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు, గిన్నెను పిట్టలకు బాగుంటుందని డాబా మీద ఓ మూల పెడతారు, రెండో రోజు నుంచి మెట్లెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. వంటింటి గుమ్మం నుంచో, వసారాలోంచో, అమ్మ పడుకున్న మంచం మీంచో కనబడాలి. గిన్నెకు దగ్గర్లో ఒక కొమ్మో, తీగో, బట్టలారేసే దండెమో ఉండాలి, ఎందుకంటే పిట్ట నేరుగా గిన్నె మీద వాలదు, ముందు పక్కన వాలి అటూ ఇటూ చూసుకుని అప్పుడు దిగుతుంది. అలాగని గుబురు పొదకు ఆనించి పెట్టకండి, పిల్లి అందులోనే నక్కుతుంది. పొదకూ గిన్నెకూ మధ్య నాలుగైదు అడుగుల ఖాళీ నేల ఉంటే మంచిది.

పెరడు లేదా? బాల్కనీ చాలు. బాల్కనీ కూడా లేని అద్దె ఇల్లయితే కిటికీ ఎదురుగా ఉన్న చెట్టు చాలు, గిన్నె లేకుండానే మొదలుపెట్టండి. బాల్కనీ పిట్టగోడ మీద గిన్నె పెట్టేవాళ్లు తీగతో గట్టిగా కట్టేయండి, కింద మనుషులు తిరుగుతుంటారు.

మంచం పట్టిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టాలి. ముందు ఆ మంచం మీద మీరు పడుకుని చూడండి, వాళ్ల తల ఉండే చోట మీ తల పెట్టి. నిలబడితే కనిపించే పెరడు పడుకుంటే కనబడదు, కిటికీ అంచు, పైకప్పు మాత్రమే కనబడతాయి. మంచాన్ని కొంచెం జరపండి, లేదా గిన్నెను నేల మీంచి తీసి కిటికీ ఎత్తుకు వచ్చేలా గోడ మీదో స్టూలు మీదో పెట్టండి. మంచం జరిపే వీలే లేకపోతే గది లోపలి గోడకు ఓ అద్దం వాలుగా తగిలిస్తే పెరడు అందులో కనబడుతుంది. ఆ అద్దం మాత్రం బయటి వైపు నుంచి పిట్టలకు కనబడకూడదు. తేనెపిట్టలు, పిగిలిపిట్టలు అద్దంలో తమ నీడను చూసి వేరే పిట్ట వచ్చిందనుకుని గంటల తరబడి పొడుస్తూ అలసిపోతాయి.

2. నీళ్లతో మొదలుపెట్టండి, గింజలతో కాదు

ఎండాకాలంలో అయితే గింజలు లేకపోయినా ఫర్వాలేదు, నీళ్లు ఉండాలి. నీళ్ల లోతు అంచు దగ్గర ఒక అంగుళం, మధ్యలో రెండు అంగుళాలు, అంతకు మించొద్దు. పిచ్చుక కాళ్లు ఎంత పొట్టివో తెలుసు కదా. మధ్యలో రాళ్లు వేయండి, వాటి మీద నిలబడి తాగుతాయి, జారి పడిన తేనెటీగ కూడా ఎక్కి బయటపడుతుంది. ప్లాస్టిక్ టబ్బులు, స్టీలు గిన్నెలు వద్దు, ఎండకు కాగిపోతాయి, పైగా నున్నగా జారుతాయి.

రోజూ పొద్దున పాత నీళ్లు మొక్కకు పోసి, గిన్నెను పీచుతో రుద్ది, కొత్త నీళ్లు పోయాలి. సబ్బు వద్దు. ఇందులో బద్ధకం పనికిరాదు. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ తయారవడానికి వారం పది రోజులు చాలు. రోజూ మార్చే గిన్నెలో అది జరగదు.

3. మేత కొంచెమే వేయండి

ఒక గుప్పెడు చాలు. సాయంత్రానికి ఖాళీ అయ్యేంత మాత్రమే వేయాలి. పిచ్చుకలకు నూకలు, కొర్రలు, సజ్జలు. గోరింకలకు, పిగిలిపిట్టలకు, ఉడతలకు మగ్గిన జామ, అరటి, బొప్పాయి ముక్క. గోదావరి జిల్లాల్లో కొత్త పంట రాగానే వరికంకులను కుచ్చుగా అల్లి గుమ్మానికి వేలాడదీస్తారు, అది దొరికితే అంతకన్నా మంచిది లేదు, పిల్లి అందుకోలేదు, పిచ్చుకలు దాన్ని పట్టుకుని ఊగుతూ తింటుంటే చూడటానికీ బాగుంటుంది.

పెట్టకూడనివి: కారప్పూస, మిక్చర్, బిస్కెట్లు, బ్రెడ్డు, ఉప్పు పడిన ఏదైనా. నిన్నటి అన్నం ఎండలో గంటలోనే పాచిపోతుంది, పెడితే పొద్దున వేడి చల్లారిన తాజా అన్నం ఒక ముద్ద పెట్టండి, మిగిలితే తీసేయండి. వానాకాలంలో గింజలు తడిసి బూజు పడతాయి, అది పిట్టలకు విషం, ఆ నెలల్లో మేత తగ్గించినా తప్పు లేదు, బయట పురుగులు బోలెడు దొరుకుతాయి.

హెచ్చరిక ఒకటి. గింజలు రాత్రిపూట నేలమీద మిగిలితే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకాల పాము వస్తుంది. చీకటి పడకముందే చీపురుతో ఊడ్చేయడం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి. పాము కనబడితే కొట్టకండి. ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతుకు విషం లేదు, కానీ నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా ఇళ్ల దగ్గరకు వస్తాయి, తేడా మీరు నిర్ణయించొద్దు. పిల్లలను లోపలికి పంపి, దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచి, అటవీ శాఖకో మీ ఊళ్లో పాములు పట్టేవాళ్లకో కబురు చేయండి.

రెండో హెచ్చరిక పావురాలు. అవి ఒకసారి మరిగితే పిచ్చుకలకు చోటు దక్కదు. అంతకంటే ముఖ్యం, ఎండిన పావురాల రెట్ట దుమ్ము పీల్చితే కొందరి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లో ఉంటే గింజలు పూర్తిగా మానేసి నీళ్లు, పూలమొక్కలతో సరిపెట్టుకోండి, శుభ్రం చేసే పని వాళ్లకు ఇవ్వకండి. రెట్టను ఎప్పుడూ పొడిగా ఊడ్చకండి, నీళ్లు చల్లి తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి.

4. వేళ పెట్టుకోండి, పనులు పంచుకోండి

సూర్యుడు వచ్చిన గంట గంటన్నర లోపు పిట్టలు బాగా తిరుగుతాయి, మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక. మీ ఇంటికి కుదిరే ఒక్క వేళ ఎంచుకుని దాన్నే పట్టుకోండి. రోజుకో వేళకు వేస్తే పిట్టలకూ అలవాటు కాదు, మనుషులకూ కాదు.

పనులు చిన్నవే. నీళ్లు ఒకరు, గింజలు ఒకరు, ఊడవడం ఒకరు, నోట్‌బుక్ ఒకరు. చిన్నవాళ్లను, పెద్దవాళ్లను వదిలేయకండి. కాళ్లు కదలని తాతగారు కూడా చాటలో నూకలు చెరిగి రాళ్లు ఏరగలరు, ఆ పని ఆయనకే ఇవ్వండి, మీరు చేస్తే త్వరగా అయిపోతుందని లాక్కోకండి.

ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న మనిషి విషయం వేరేగా చెప్పాలి. ఆయనకు పొద్దున్నే లేవడానికి ఒక కారణం కావాలి, పొద్దున నీళ్లు మార్చే పని అందుకు సరిగ్గా పనికొస్తుంది. కానీ ఆ పని అప్పజెప్పేటప్పుడు "ఖాళీగానే ఉన్నారు కదా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. సరదాకైనా సరే. "మీరు పోస్తేనే బాగుంటుంది, నాకు వంటింట్లో కుదరట్లేదు" అనండి, అది నిజం కూడా. ఆయన చేయని రోజు దెప్పకుండా మీరు పోసేయండి.

ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే కాకుల సంగతి దగ్గర జాగ్రత్తగా ఉండండి. పిండం పెట్టి కాకి ముట్టేదాకా ఎదురుచూసే ఇళ్లు మనవి. పన్నెండు రోజులు గడిచాక కూడా ఆ కాకి పెరటి గోడ మీద వాలితే అమ్మ లేచి వెళ్లి ముద్ద పెట్టి, ఏదో మాట్లాడి వస్తుంది. పెట్టనివ్వండి. అది నమ్మకమా, సైన్సా అని ఆవిడతో వాదించడానికి ఇది సమయం కాదు. కాకి ముద్ద వేరే చోట, పిచ్చుకల గిన్నెకు దూరంగా పెట్టుకునేలా చూడండి, లేకపోతే చిన్న పిట్టలు దగ్గరకు రావు.

5. కూర్చోవడం

గిన్నెకు పది పన్నెండు అడుగుల దూరంలో, అందరూ అటువైపే తిరిగి కూర్చోండి. టీ కాఫీలు తెచ్చుకోండి. ఫోన్లు లోపల వదిలేయండి, పిట్ట పేరు చూసే ఒక్క ఫోన్ తప్ప. మొదటి వారం ఎవరూ ఏమీ మాట్లాడకపోవచ్చు, దాన్ని అలాగే వదిలేయండి.

ఈ అరగంటలో మాట్లాడకూడనివి కొన్ని ముందే ఒప్పుకోండి: ఆసుపత్రి బిల్లులు, ఈఎంఐలు, మార్కులు, పెళ్లి సంబంధాలు. వాటికి మిగతా రోజంతా ఉంది. ఎవరైనా ఏడిస్తే నీళ్ల గ్లాసు అందించి పక్కనే కూర్చోండి. "ఊరుకో, ఊరుకో" అని ఆపనక్కర్లేదు. టీనేజ్ పిల్లలు రానంటే లాక్కురావద్దు, వాళ్ల గది కిటికీకి వినిపించేలా "ఇదేం పిట్టో కొత్తగా ఉందే" అని మామూలుగా అనుకోండి, రెండు మూడు రోజుల్లో వచ్చి నిలబడతారు.

6. పేర్లు తెలుసుకోండి, రాసుకోండి

"పిట్ట వచ్చింది" అనడం కంటే "పిగిలిపిట్ట వచ్చింది, రెండోది కూడా ఉంది" అనగలిగినప్పుడు ఆసక్తి నిలబడుతుంది. మన ఇళ్ల దగ్గర ముందుగా గుర్తుపట్టాల్సినవి ఇవి. తల మీద నల్ల జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ ఉంటే పిగిలిపిట్ట. కంటి చుట్టూ పసుపు, ఎగిరితే రెక్కల్లో తెల్ల మచ్చ, గోరింక. మందారం, నూరువరహాల పూల దగ్గర గాలిలో కొట్టుకుంటూ వంకర ముక్కుతో తేనె తాగేది తేనెపిట్ట. తోక నిలబెట్టి, ఒంటికి మించిన గొంతుతో అరిచే చిట్టి పచ్చపిట్ట కుట్టుపిట్ట, అది ఆకులను నిజంగానే కుట్టి గూడు చేస్తుంది. కాకిలా నల్లగా ఉండి రెక్కలు ఇటుక రంగులో ఉంటే, ఎగరడం కన్నా నడవడమే ఎక్కువైతే, జెముడు కాకి. కోకిల కనిపించడం తక్కువ, వినిపించడం ఎక్కువ. మగది నల్లగా ఉంటుంది, ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, అందుకే చాలామంది ఆడ కోకిలను వేరే పిట్ట అనుకుంటారు.

తెలియనివాటికి మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ వాళ్లది, కూత వినిపిస్తే పేరు చెబుతుంది. అది చెప్పిందే వేదం అనుకోకండి, కళ్లతో చూసి సరిపోల్చుకోండి. ఇంకో మాట, యాప్‌లో ఉన్న కూతను బయటికి పెద్దగా వినిపించి పిట్టలను పిలవకండి, తమ చోట్లోకి వేరే పిట్ట వచ్చిందని అవి కంగారు పడతాయి.

పిల్లలుంటే పిట్టలతో ఆగకండి. కరివేపాకు మీదో నిమ్మచెట్టు మీదో పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు ఉంటే దులిపేయకండి, అది సీతాకోకచిలుక గొంగళిపురుగు, పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది, తర్వాత గూడు కడుతుంది. ఆ చెట్టుకు మందు కొట్టకుండా ఉంటే చాలు, ఇంట్లో దిగులుగా ఉన్న పిల్లకు రోజూ పొద్దున లేవగానే చూడటానికి ఒకటి ఉంటుంది.

నోట్‌బుక్‌లో తేదీ, ఏం వచ్చింది, ఎవరు ముందు చూశారు, అంతే. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరటి పిట్టలను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, పదిహేను నిమిషాలు కూర్చుని లెక్కపెడితే చాలు, మీ పెరటి లెక్క కూడా అందులో చేరుతుంది. చేరాలని లేదు, ఆసక్తి ఉన్నవాళ్లకు చెబుతున్నా.

7. గూడు, కావాలంటే

పిచ్చుకల కోసం చెక్క పెట్టె పెట్టేవాళ్లు రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి, అంటే పది రూపాయల బిళ్ల కంటే కొంచెం పెద్దది. అంతకంటే పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. పిల్లి ఎక్కలేని ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ, వాన జల్లు పడని గోడకు, ఫ్యాన్‌కు దూరంగా కట్టండి. లోపల గడ్డి మీరు పెట్టొద్దు, అవే తెచ్చుకుంటాయి. కొన్నిసార్లు నెలలు గడిచినా ఏ పిట్టా రాదు, ఇంట్లోవాళ్ల ఆశంతా దాని మీదే పెట్టనివ్వకండి.

గుడ్లు పెట్టాక రోజూ తొంగి చూడటం, ఫ్లాష్‌తో ఫొటోలు తీయడం పూర్తిగా బంద్.

పిల్ల కింద పడితే: ఈకలు రాకుండా ఉంటే మెల్లగా తీసి గూట్లో పెట్టేయండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట నిజం కాదు. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది, పిల్లులను తరిమి, మీరు దూరంగా జరగండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. పాలు అసలే వద్దు.

కొన్ని పిల్లలు బతకవు. ఇప్పటికే దుఃఖంలో ఉన్న ఇంట్లో అది పెద్ద దెబ్బలా తగులుతుంది, ముఖ్యంగా పిల్లలకు. దాచకండి, "ఎగిరిపోయింది" అని అబద్ధం చెప్పకండి. కలిసి మొక్క కింద పాతిపెట్టండి. తాతయ్య గురించి అడగలేని ప్రశ్నలు వాళ్లు ఆ పిట్ట గురించి అడుగుతారు, తీరిగ్గా కూర్చుని జవాబు చెప్పండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటి మూడు రోజుల్లో పిట్టలు రాలేదని గిన్నె చోటు మార్చేయడం. మారిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, రెండు వారాలైనా ఒకేచోట ఉంచండి.

ఒక్కరే అన్నీ చేయడం. ఇల్లాలి మీద ఇంకో చాకిరీ పడిందంటే దీనివల్ల ఓదార్పు లేదు సరికదా, విసుగు మిగులుతుంది. పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే గింజలు మానేసి ఒక్క నీళ్ల గిన్నెతో నడపండి.

తోడుగా ఉంటుందని చిలకను కొని పంజరంలో పెట్టడం. రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా. జామచెట్టు ఉంటే చిలకలు వాటంతటవే వస్తాయి, సగం కాయలు వాటికి వదిలేయండి.

ఉడతను చేతితో తినిపించాలని చూడటం. కరుస్తుంది. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌కు చూపించండి.

రోజూ వీడియో తీసి స్టేటస్ పెట్టడం. అరగంటంతా కెమెరాతోనే పోతుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

పిట్టల సంగతి ముందు. గిన్నె అంచున రెట్ట, నీళ్లలో చిన్న ఈక, గింజల గిన్నెలో పొట్టు కనబడితే అవి వస్తున్నట్టే. గింజలు నిండుగా ఉన్నట్టు కనిపిస్తే మోసపోకండి, ఒకసారి ఊదండి, పైన అంతా పొట్టే ఉండొచ్చు.

ఇక మనుషులు. పిలవకుండానే ఒకరు వచ్చి కూర్చుంటారు. బయటికి వెళ్లినవాళ్లు ఫోన్ చేసి "ఇవాళ ఏం వచ్చాయి" అని అడుగుతారు. చాలా రోజులుగా ఎత్తని పేరు, పోయినవాళ్ల పేరు, ఎవరో మామూలుగా ఎత్తుతారు: "నాన్న ఉంటే ఈ జెముడు కాకిని చూసి..." అని. ఇవి కనబడుతుంటే బాగానే సాగుతోంది, ఏమీ మార్చకండి.

ఇవేవీ లేకుండా, రెండు వారాలు దాటినా ఒక మనిషి సరిగా తినక, నిద్రపోక, ఎవరితో మాట్లాడక ఉంటే పిట్టలతో కాలం గడపకండి, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. "నేను లేకపోతే మీకే బాగుంటుంది" లాంటి మాట ఒక్కసారి వినిపించినా రెండు వారాలు ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మిగతా ప్రశ్నలు

ఊరెళ్తే? పక్కింటివాళ్లకు నీళ్లు పోయమని చెప్పండి, కుదరకపోతే గిన్నె బోర్లించి వెళ్లండి. మన ఊళ్లల్లో పిట్టలు వేరేచోట వెతుక్కుంటాయి, ఆకలితో చచ్చిపోతాయని టెన్షన్ పడకండి.

ఆసుపత్రిలో అటెండెంట్‌గా ఉంటే? వార్డు కిటికీ లోంచి కనిపించేది చూసి రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి, ఇంట్లోవాళ్లు పెరట్లో చూసింది మీకు చెబుతారు. రిపోర్టుల గురించి మాట్లాడటం అయిపోయాక చివరి రెండు నిమిషాలు దీనికి ఉంచుకోండి.

విదేశాల్లో ఉండి, ఇక్కడ అమ్మానాన్న ఒంటరిగా ఉంటే? వీడియో కాల్‌ను పిట్టల వేళకు పెట్టుకోండి. వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ పొద్దున ఏడు, అదే సరైన సమయం. ఫోన్‌ను వాళ్ల మొహం మీద కాకుండా పెరటివైపు తిప్పి ఏదైనా ఆనించి పెట్టమనండి, మాటలు అవే వస్తాయి. మీ దగ్గర కూడా ఫీడర్ పెట్టాలనుకుంటే ముందు ఆ ఊరి నియమాలు, అపార్ట్‌మెంట్ నియమాలు చూసుకోండి, ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాల్లో కొన్ని నెలలు ఫీడర్లు తీసేయమంటారు. అక్కడ కూడా ఫీడర్‌ను తరచూ కడగాలి, మురికి ఫీడర్ల నుంచి పిట్టలకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు అంటుకుంటుంది.